ఏడో నంబరు ఈగ

పోస్టరు మీద బొమ్మ వేద్దామని రాగ్నిల్డ్ ఆ ఉదయం తన లెక్కలోని తేనెటీగల, పువ్వుల నంబర్లకు పేర్లు తగిలించింది. స్వీడన్‌లోని గోట్లండ్ దీవి పచ్చిక బయళ్లలో ఏ జాతి తేనెటీగ ఏ పువ్వు మీద వాలుతుందో నిరుడు వేసవంతా తిరిగి చూసినవాడు ఎస్కిల్. ఆ పట్టికను పైథాన్ లైబ్రరీలోకి, అంటే దేనికి దేనితో సంబంధమో గీతలుగా లెక్కగట్టే కంప్యూటరు ప్రోగ్రాంలోకి, ఎక్కించి ఇదివరకే లెక్క తీసింది ఆమె. దక్షిణపు బయలులో గడ్డి ముందుగా కోసినా ఏ ఈగకూ నష్టం లేదని తేలడంతో, యూనివర్సిటీ తరఫున పురపాలక సంఘానికి అదే రాసి పంపింది.

తెర మీది బొమ్మ చూసి ఎస్కిల్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"గంటపువ్వు నుంచి ముళ్లపువ్వుకి గీత ఏంటి? పువ్వు లేచెళ్లి పువ్వు మీద వాలిందా?"

రాగ్నిల్డ్ పట్టిక తెరిచి చూసింది. గీత ఎప్పుడూ ఈగకూ పువ్వుకూ మధ్యనే ఉండాలి. ఈగలకు ఒకటి నుంచి నంబర్లిచ్చింది, పువ్వులకూ ఒకటి నుంచే. ఇవి రెండు గుంపులని మాత్రం చెప్పలేదు. ఏడో ఈగనూ ఏడో పువ్వునూ లైబ్రరీ ఒకటే అనుకుని కలిపేసింది. దాంతో ఆ పువ్వు గీతలన్నీ ఈగ లెక్కలో పడి, దానికి బోలెడు పువ్వులున్నట్టు కనిపించింది.

ఒక్కో గుంపు నంబర్ల ముందు ఒక్కో అక్షరం చేర్చి, ఏది ఏ గుంపో గుర్తు పెట్టి మళ్లీ ఎక్కించింది. ఈసారి ఏడో నంబరు ఈగకు ఒక్క గీతే మిగిలింది. ఆ చిన్న నల్ల ఈగకు గంటపువ్వు తప్ప దిక్కు లేదు. గంటపూలున్నది దక్షిణపు బయలులోనే.

"కోత ఎప్పుడన్నారు?"

"ఇవాళే," అన్నాడు ఎస్కిల్.

మిడ్‌సమ్మర్ అనే నడివేసవి పండగ సెలవులకు ముందు రోజు కావడంతో పురపాలక ఆఫీసులో ఎవరూ ఫోనెత్తలేదు. ఎస్కిల్ కారు నడుపుతుంటే రాగ్నిల్డ్ దారి పొడుగునా ఆఫీసు నంబరు నొక్కుతూనే ఉంది. బయలు చేరేసరికి ట్రాక్టరు సగం దాటింది. ఆమె ఎదురెళ్లి చేతులు ఊపింది. ముసలి డ్రైవరు టోర్ణి తల బయటికి పెట్టాడు.

"అడ్డు తప్పుకోమ్మా. కొయ్యొచ్చని యూనివర్సిటీ వాళ్లే రాసిచ్చారంట."

"రాసిచ్చింది నేనే. తప్పు రాశాను."

ఆయన ఇంజను ఆపాడు. తాను ఇప్పుడే భోంచేస్తాననీ, ఈలోగా ఆఫీసు నుంచి మాట తెప్పించుకోమనీ చెప్పాడు. ఆయన రొట్టె ముక్క ముగించి కాళ్లు చాపుకునేసరికి ఎవరో ఫోనెత్తి కోత ఆపమన్నారు.

ట్రాక్టరు వెళ్లిపోయింది. కోసిన మేరలో ఊదారంగు గంటపూలు వాడుతున్నాయి. ఎస్కిల్ వెళ్దామన్నాడు. రాగ్నిల్డ్ కారెక్కలేదు. మిగిలిన గడ్డి అంచు వెంట ఆ చిన్న నల్ల ఈగ కోసం వంగి చూసుకుంటూ, ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉంది.