అలీదా రాయించిన ఉత్తరాలు

హెర్మినాకి అరవై ఆరేళ్లు. పరమారిబో ఊరి చివర, క్వాటా రోడ్డుకి కాస్త లోపలగా, ఒకప్పుడు నలభై ఆవులుండి ఇప్పుడు నాలుగు మిగిలిన ఇంట్లో అక్క కోర్నెలియాతో ఉంటోంది. కోర్నెలియాకి ఎనభై ఒకటి. ఆరేళ్ల కిందట పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి. నోరు మాత్రం ఏ జబ్బూ తగలకుండా మిగిలింది. భారీ మనిషి. ఆమెను లేపి కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు ఉతకడం, తినిపించి మళ్లీ పడుకోబెట్టడం, అన్నీ హెర్మినా ఒక్కతే చేస్తుంది. తెలిసిన నర్సు పిల్లని జీతానికి పెట్టుకుందామని కోర్నెలియా కూతురు మార్లూస్ ఎన్నోసార్లు అంది. మా ఇంటి ఆడవాళ్లు పరాయి చేతుల మీద ఎప్పుడూ బతకలేదని కోర్నెలియా ఆ మాట సాగనివ్వలేదు.

ఆ ఏడాది చర్చివాళ్లు ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. హాలండ్ నుంచి సముద్రం దాటి ఈ దేశానికి వచ్చిన తమ పూర్వీకుల రైతు కుటుంబాలు సరమక్క నది ఒడ్డున దిగిన రోజుని జూన్‌లో జరుపుకుంటారు కదా, అప్పటికి ఇంటికొక పేజీ రాసివ్వమన్నారు. తమ ఇంటి పేజీ అలీదా గురించే ఉండాలని, ఊరికే కథలా కాకుండా కాగితాలు చూసి రాయాలని కోర్నెలియా చెల్లెలికి పని పెట్టింది.

అలీదా వాళ్ల ముత్తాత తల్లి. 1845లో భర్తతో, నలుగురు పిల్లలతో ఓడ దిగింది. రెండు నెలలు తిరక్కుండానే జ్వరాలు వచ్చి భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు పోయారు. మూడో బిడ్డను పాతిపెట్టిన సాయంత్రమే ఆమె గునపం పట్టుకుని కర్రపెండలం తోటలోకి వెళ్లిందని, కంట నీటి చుక్క రాల్చలేదని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఇంట పుట్టిన ప్రతి ఆడపిల్లా ఈ కథ వింటూనే పెరిగింది.

హెర్మినా ఇరవై నాలుగో ఏట కన్న బిడ్డ రెండో రోజునే పోయింది. నాలుగో రోజు కోర్నెలియా వచ్చి మంచం పక్కన నిలబడి అలీదా కథ చెప్పి, ఆవులు అరుస్తున్నాయి లెమ్మంది. హెర్మినా లేచింది. పాలు పితుకుతుంటే తన చనుబాలు రవికె తడిపాయి. ఆ తర్వాత ఆమెకు మళ్లీ కాన్పు కాలేదు.

మంగళవారం, గురువారం పొద్దుటి పూట తల్లి దగ్గర తను కూర్చుంటానని మార్లూస్ ఒప్పుకుంది. హెర్మినా బస్సెక్కి పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసుకి వెళ్లసాగింది. మొదటి రోజు దస్త్రం ముందు పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. అక్కడ పనిచేసే రాఖ్మి అనే పిల్ల ఆమెను లేపలేదు. పన్నెండింటికి తలుపు వేసే ముందు మాత్రం భుజం తట్టి, గురువారం రండి ఆంటీ, ఇది ఇక్కడే ఉంటుంది అంది.

ఆ చేతిరాత చదవడానికే రెండు వారాలు పట్టింది. సిరా వెలిసిపోయింది, కొన్నిచోట్ల చెదలు తినేసింది. రాఖ్మి భూతద్దం తెచ్చిచ్చి, ఏ అక్షరం ఎలా మెలిక తిరుగుతుందో నేర్పింది. అలీదా పేరు మొదట దొరికింది ఓడ జాబితాలో కాదు, రోగుల జాబితాలో. జ్వరం, ఇరవై ఆరు రోజులు. హెర్మినా తేదీలు పక్కపక్కన రాసుకుని చూసింది. మూడో బిడ్డను ఆగస్టు తొమ్మిదిన పాతిపెట్టారు. అప్పటికి పదకొండు రోజులుగా అలీదా ఒళ్లు తెలియకుండా పడి ఉంది. బిడ్డను మట్టిలో పెట్టింది పొరుగువాళ్లు. గునపమూ లేదు, తోటా లేదు.

తరువాతి వారం ఉత్తరాలు దొరికాయి. మూడు. అలీదాకి రాయడం రాదు. ఎవరి చేతో రాయించి, కింద సంతకానికి బదులు అడ్డగీత నిలువుగీత గీసింది. మొదటిది గవర్నరుకి: నాకు ఒక్క పిల్లవాడు మిగిలాడు, నీళ్లు మోసే సత్తువ కూడా లేదు, హాలండ్‌లో మా చెల్లెలి ఇల్లుంది, ఓడలో ఏ మూలైనా సరే, దారి పొడవునా నావికుల బట్టలు ఉతుకుతాను. రెండోది ఐదు నెలల తర్వాతది, ఇంచుమించు అవే మాటలు. మూడోది చిన్నది. ఇక నాకోసం అడగను, పిల్లవాణ్ణి ఒక్కణ్ణైనా తీసుకెళ్లండి. జవాబులు ఆ కట్టలో లేవు. మూడో ఉత్తరం తర్వాత నాలుగు నెలలకి, ఇద్దరు పిల్లలున్న ఒకాయనతో ఆమెకు పెళ్లయినట్టు చర్చి రికార్డులో ఉంది.

హెర్మినాకి ఏడుపు రాలేదు. సంతోషమూ కలగలేదు. ఎముకల్లో ఎన్నాళ్లుగానో ఉన్న అలసట అంతా ఒక్కసారిగా బల్ల మీదికి వాలినట్టయింది. రాఖ్మి మంచినీళ్లు తెచ్చిపెట్టింది. గ్లాసు ఖాళీ చేసి, మూడు ఉత్తరాలనూ కాగితం మీద దించుకుంది.

ఇంటికొచ్చాక అక్కకి అన్నం పెట్టి, మూతి తుడిచి, రాసుకొచ్చిన కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. కోర్నెలియా కళ్లు మూసుకుని వింది.

"ఎవడో గుమాస్తా తోచినట్టు రాసుంటాడు" అంది చివరికి. "ఆవిడకి చదువొచ్చా ఏంటి? ఇవన్నీ పుస్తకంలో ఎక్కించకు."

"ఎక్కిస్తానక్కా."

"ఏమే, నలుగురూ నవ్వుకోవాలనా?"

"నవ్వితే నవ్వనీ. ఆవిడకి చేతకాలేదు, చేతకాదని చెప్పింది. మూడుసార్లు చెప్పింది." హెర్మినా కాగితాలు మడిచింది. "నాకూ చేతకావట్లేదక్కా. నీ నడుం కింద చేయి పెట్టి లేపిన ప్రతిసారీ నా కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఏదో ఒకరోజు నిన్ను పడేస్తాను. నేనూ పడతాను."

కోర్నెలియా మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ రోజూ, మర్నాడూ చెల్లెలితో మాట్లాడలేదు. మంచినీళ్లు కావాలన్నా మంచం కోడు తట్టింది తప్ప నోరు విప్పలేదు.

మూడో రోజు హెర్మినా ఆమె తల దువ్వుతోంది. అద్దంలోకి చూడకుండా కోర్నెలియా అడిగింది.

"మొదటి ఉత్తరం అప్పటికి ఆవిడకి ఎన్నేళ్లే?"

"ముప్పై ఒకటి."

"చిన్నదే." దువ్వెన చిక్కులో ఆగింది. కోర్నెలియా మామూలుగా అయితే కసిరేది. "మినా, ఆ రోజు నేను నిన్ను లేపకుండా ఉండాల్సింది. నీది ఇంకా పచ్చి ఒళ్లు. నాకేం తెలుసు, మన నానమ్మ నాకు ఏం చెప్పిందో అదే తెచ్చి నీకు చెప్పాను."

నలభై ఏళ్లుగా ఆ మాట కోసం చూస్తున్నానని హెర్మినాకి అప్పుడే తెలిసింది. వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. చిక్కు విప్పి, జడ అల్లి, చివర రబ్బరు పెట్టింది.

"ఆ నర్సు పిల్లని రమ్మనమని మార్లూస్‌కి చెప్పు" అంది కోర్నెలియా. "పొద్దుటి పూటే. సాయంత్రాలు అక్కర్లేదు."

పేజీ పదకొండు వాక్యాల్లో అయిపోయింది. మూడో ఉత్తరాన్ని హెర్మినా ఉన్నదున్నట్టు దించింది. చర్చి పెద్దాయన కాస్త మెత్తగా మార్చుకోవచ్చేమో అన్నాడు. మార్చనంది. ఆయన మళ్లీ అడగలేదు. జూన్‌లో పుస్తకం పంచిన రోజున ఒక ముసలావిడ కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, మావాళ్లూ తిరిగి వెళ్లిపోదామని అడిగారటమ్మా, మా ఇంట్లో ఎవరూ బయటికి చెప్పరు అని, హెర్మినా చేయి కాసేపు పట్టుకుని వెళ్లిపోయింది.

నర్సు షెరీదా మాత్రం పుస్తకం రాకముందే, కోర్నెలియా ఒప్పుకున్నాక వచ్చిన మొదటి సోమవారమే పనిలోకి వచ్చింది. తన గదిలో పడుకున్న హెర్మినాకి గోడ అవతల నుంచి కోర్నెలియా గొంతు వినిపిస్తూనే ఉంది. నీళ్లు చల్లగా ఉన్నాయట, తువ్వాలు గరుగ్గా ఉందట, మనిషిని పట్టుకోవడం రాదట. ఆ పిల్ల దేనికీ ఎదురు చెప్పకుండా, అలాగే నానమ్మా, ఇటు తిరుగు నానమ్మా అంటోంది. రెండుసార్లు హెర్మినా కాళ్లు అలవాటుగా నేల మీదికి దిగబోయాయి. వాటిని మళ్లీ మంచం మీదికి లాక్కుంది. నడుం నొప్పి అలాగే ఉంది. బయట ఎండ ఎక్కుతోంది.