సున్నా నంబరు ఇల్లు

నీటి సరఫరా ఆఫీసులో ఆమెను అందరూ గేటమ్మ అనేవారు. జనం వెబ్‌సైటులో నింపి పంపే ఫిర్యాదుల్ని సరిచూసే కోడు రాయడం ఆమె పని. పేరు గడి ఖాళీగా వదిలినా, ఫోన్ నంబరులో అక్షరాలు దూరినా ఆ ఫిర్యాదు గడప దాటేది కాదు. ఎర్ర అక్షరాల్లో చీవాట్లు తిని వెనక్కి పోయేది. గేటమ్మ అని పేరు పెట్టింది సొంత అన్నే. అతను అదే ఆఫీసులో పైపుల ఫిట్టరు.

ఒకసారి ఎవరో తుంటరి ఇచ్చిన లేని ఇంటి నంబరు పట్టుకుని అన్న ఎండలో వీధంతా తిరిగాడు. కాళ్ళు పీక్కుపోయి, వచ్చి ఆమె బల్ల ముందు కూలబడ్డాడు.

"ఏమే, నీ గేటు ఈగని ఆపి ఏనుగుని వదిలేస్తుందా?"

ఆమెకు రోషం వచ్చింది. ప్రతి వీధికీ మొదటి ఇంటి నంబరు, చివరి ఇంటి నంబరు ఆ పూటే కోడులోకి ఎక్కించేసింది. ఆ రెంటి మధ్య లేనిదేదీ ఇక చెల్లదు.

చెల్లనివన్నీ ఓ పక్కన పోగవుతాయి. భోజనమయ్యాక వాటిని తిరగేస్తే జనం చేసే తప్పులకు ఆమెకు నవ్వొచ్చేది. ఆ వారం నవ్వు రాలేదు. పల్లపు వీధి, ఇంటి నంబరు సున్నా. విషయం: "గోడ తడిసింది." మర్నాడు మళ్ళీ సున్నా: "మంచం కిందికి నీళ్ళొచ్చాయి." పేరు లేదు, ఫోను లేదు. అవి లేకపోతే పంపే బటనే పనిచేయదు. తెలివి మీరినవాళ్ళు తెర మీది తనిఖీని తప్పించుకుని నేరుగా సర్వరుకే పంపగలరు. అందుకే ఆమె అక్కడా ఇంకోసారి సరిచూస్తుంది. ఎవడో పనిలేనివాడు అనుకుంది.

మూడోది వచ్చింది: "గేటమ్మా, తలుపు తియ్యి."

ఆ పేరు ఆఫీసు గోడలు దాటి ఎవరికీ తెలియదు. విసవిసా అన్న దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఆటలాడితే నాతో ఆడు. సైటుతో కాదు."

"నాకు కంప్యూటరు టైపింగొస్తే ఈ బురదలో ఎందుకు దొర్లుతానే?" అన్నాడు. ఆమె చూపించిన ముక్కలు చదివాక అతని మొహంలో నవ్వు పోయింది. "పద, చూసొద్దాం."

పల్లపు వీధి ఒకటో నంబరుతోనే మొదలైంది. దానికి ముందు ఇల్లు లేదు, బండ్లు నిలిపే ఎత్తుపాటి నేల ఉంది. ఒకటో ఇంటి ముసలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. సున్నా నంబరు ఇల్లు ఎక్కడని అడిగితే ఆ ఎత్తు నేల వైపు చూసింది.

"ఆ మాట విని ఎన్నేళ్ళయిందమ్మా! వీధికి నంబర్లిచ్చేశాక కట్టారు ఆ ఇల్లు. ఏ నంబరూ మిగల్లేదని వాళ్ళే సున్నా అని రాసుకున్నారు, మొగుడూ పెళ్ళామూ. పెద్ద పైపు పగిలి పక్కనున్న గట్టు విరిగిపడి ఇల్లు మట్టిలో కలిసిపోయింది."

"మరి వాళ్ళు?"

"ముందురోజే చుట్టాలింటికి వెళ్ళారన్నారు. ఎవరన్నారో మాత్రం నాకు తెలీదు. గోడ తడుస్తోందని మీ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు పాపం. అలాంటి నంబరే లేదని ఫిర్యాదు రాసుకోలేదట."

ఆఫీసుకు రాగానే ఆమె కోడు తెరిచి, పల్లపు వీధికి మొదటి నంబరుగా సున్నా పెట్టింది. పేరూ ఫోనూ తప్పనిసరన్న షరతును ఆ ఒక్క ఇంటికి ఎత్తేసింది.

వెనక నుంచి చూస్తున్న మేనేజరు, "లేని ఇంటికి దారెందుకమ్మా?" అన్నాడు.

"లేదని మనం వెళ్ళి చూశామా అండీ?"

లోపలికొచ్చిన ఫిర్యాదు దానంతటదే ఆ ప్రాంతపు ఫిట్టరుకు వెళ్తుంది. మార్పు అమలయ్యేలా ఆమె బటను నొక్కిందో లేదో, పక్కనే ఉన్న అన్న జేబులో ఫోను మోగింది. చదివి ఆమె చేతికిచ్చాడు.

"ఇంకా లోపలే ఉన్నాం."

మేనేజరు తవ్వనివ్వనన్నాడు. "ఆకతాయి రాతలకి నేల తవ్విస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"వీధి సరైందే, నంబరు సరైందే, ఫిర్యాదు నా పేరు మీదికొచ్చింది," అన్నాడు అన్న, గునపం భుజానికెత్తుకుంటూ. "వెళ్ళకపోతే నా ఉద్యోగం ఊడుతుందండీ."

మర్నాడు పొద్దున్నే అన్న తన జట్టుతో ఆ ఎత్తు నేల తవ్వడం మొదలుపెట్టాడు, ఆమె పక్కనే నిలబడింది. ముందు రేకుల కప్పు తగిలింది, తర్వాత తలుపు. బయటికి తెరుచుకునే తలుపు అది. మట్టి దాన్ని అదిమిపట్టి ఉంచింది. అన్న దాన్ని పెకలించి ఒక్కడుగు లోపలికేసి వెంటనే బయటికొచ్చాడు.

"చుట్టాలింటికి వెళ్ళలేదే వాళ్ళు," అన్నాడు.

ఇద్దరూ మంచం మీదే ఉన్నారు, పక్కపక్కనే, నీళ్ళు తగలకుండా కాళ్ళు ముడుచుకుని. మనుషులని చెప్పడానికి ఎముకలూ బట్టలే మిగిలాయి. పోలీసులు వచ్చేదాకా ముసలమ్మ ఆ తలుపు దగ్గరే నిలబడి వాళ్ళను పేర్లు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

పని పూర్తయిందని ఫిట్టరు నమోదు చేశాక, ఫిర్యాదు చేసినవాళ్ళు సరే అంటేనే అది మూతపడుతుంది. అన్న నమోదు చేశాడు. ఫోను కూడా ఇవ్వనివాళ్ళకు సరేనా అన్న ప్రశ్న ఎలా చేరుతుంది? కావాలంటే ఆమే మూసేయవచ్చు. చేతులు రాలేదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ తెర ముందు ఊరికే కూర్చున్నారు. మేనేజరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

ఆ ఫిర్యాదు పక్కనున్న 'సరే' గుర్తు ఆకుపచ్చగా మారింది.

ఆమె లేచి, ముగ్గురికీ టీ కలపడానికి వెళ్ళింది.