షురూక్ హజ్

మూడేళ్ళ పిల్లాడికి హజ్ కోసమని కుట్టులేని రెండు తెల్ల తువ్వాళ్ళు చుట్టి, అవి జారిపోకుండా రోజంతా కాపలా కాయడం ఎంత పనో మా ఆయనకు తెలియదు. మక్కా పక్కన మినాలో ఆడవాళ్ళ గుడారం వెనక కుళాయి కింద మా పిల్లాడు జియాద్ తువ్వాలుని వాసన లేని సబ్బుతో ఉతుకుతూ నేను అలవాటుగా కేకలు వేస్తున్నాను. "షురూక్, తమ్ముడు ఎటు పోయాడో చూడు! షురూక్, నానమ్మ కుర్చీ నీడలోకి తొయ్యి! షురూక్, నీళ్ళు!"

పదకొండేళ్ళ పిల్ల. పిలిచిన ప్రతిసారీ "వస్తున్నా అమ్మా" అంటూ వచ్చింది. ఆ రోజు కాస్త మెల్లగా వచ్చిందని గమనించాను. గమనించి, "తొందరగా నడవ్వే" అన్నాను.

మా ఊరు తబూక్ నుంచి బయలుదేరేముందు మా ఆయన తామిర్ దాన్ని తీసుకురావద్దన్నాడు. "పక్కింట్లో ఉంచుదాం. స్కూలు పుస్తకాలు చూసుకుంటుంది" అన్నాడు. నేనే పట్టుబట్టాను. పిల్లల్ని హజ్‌కు తీసుకెళితే పిల్లలకూ పుణ్యం, తీసుకెళ్ళిన వాళ్ళకూ పుణ్యం అన్నాను. నా భక్తికి ఆయన ముచ్చటపడ్డాడు. నా మనసులో ఉన్నది భక్తి కాదు. చక్రాల కుర్చీలో అత్తగారు, చంకలో పిల్లాడు, మగవాళ్ళ గుడారంలో తస్బీ జపమాల తిప్పుతూ కూర్చునే భర్త. నాకు ఇంకో రెండు చేతులు కావాలి. అవి మా ఇంట్లో షురూక్‌కే ఉన్నాయి.

బస్సెక్కుతుంటే మా అత్తగారు దౌలత్ ఆ మాట పైకే అనేశారు. "పిల్లల హజ్ ఏం హజ్? పెద్దయ్యాక మళ్ళీ చెయ్యాల్సిందేగా. పోనీలే, నా కుర్చీ తొయ్యడానికైనా పనికొస్తుంది." నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అబద్ధమాడి ఉంటే అంత మండేది కాదు.

మర్నాడు అరఫాత్ మైదానంలో మధ్యాహ్నం ఎండకి గుడారం గుడ్డ కూడా వేడెక్కిపోయింది. అందరూ చేతులెత్తి ఏడుస్తూ దువా చేస్తున్నారు. జియాద్ షురూక్ ఒళ్ళో నిద్రపోయాడు. నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. అలా ఉండి ఎన్నాళ్ళయిందో! కళ్ళు మూసుకుని చాలాసేపు అడిగాను. అందరికోసం అడిగాను. మనసు తేలికపడి, కడిగిన గిన్నెలా అయ్యి, వెనక్కి తిరిగి చూస్తే నా కూతురు తమ్ముడి బరువు కింద ముందుకు వంగి, పెదవి కొరుక్కుంటూ కూర్చుని ఉంది.

"ఏమైందే? కడుపు నొప్పా?"

"ఏం లేదు."

"షురూక్!"

అది చుట్టూ చూసి నా చెవి దగ్గర నోరు పెట్టింది. "జియాద్ డైపర్లలో ఒకటి తీసుకున్నానమ్మా. తప్పా?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక జియాద్‌ని దాని ఒళ్ళోంచి తీసుకున్నాను.

"ఎప్పట్నించి?"

"నిన్నట్నించి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పనిలో ఉన్నావుగా. మళ్ళీ... నావల్ల అందరి హజ్ పాడైపోతుందేమో అనుకున్నా."

నిన్నట్నించి అంటే, నేను కుళాయి దగ్గర నుంచి కేకలు వేసినప్పుడు కూడా. తొందరగా నడవమన్నప్పుడు కూడా. దానికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాల్సింది. ఇంకా చిన్నది, సెలవుల్లో చెబుదాం అనుకున్నాను. తమ్ముణ్ణి మోయడానికి మాత్రం చిన్నదని ఎప్పుడూ అనుకోలేదు. పక్క గుడారంలో అడిగి కావలసినవి తెచ్చి, మరుగుదొడ్డి వరుసలో దాని పక్కన నిలబడి, నెమ్మదిగా అంతా చెప్పాను. ఇది పాపం కాదని, కాబా చుట్టూ తిరిగే తవాఫ్ తప్ప మిగతావన్నీ చెయ్యొచ్చని, తవాఫ్ మాత్రం శుభ్రపడ్డాక చెయ్యాలని. అది తలూపుతూ విన్నది. ఆ తలూపడం నాదే. మా అత్తగారి ముందు నేను ఊపేది.

మర్నాడు బక్రీద్ పండగ పొద్దున మినాలో తామిర్‌ని బయటికి పిలిచి చెప్పాను. అప్పుడే గీయించుకున్న గుండు తడుముకుంటూ విని, ముఖం చిట్లించాడు.

"ఎల్లుండి బస్సు. ఇప్పుడేంటి ఇది?"

"శుభ్రపడేదాకా ఆగాలి."

"ఆగేదేముంది నగ్లా? చిన్నపిల్ల. దానికి హజ్ ఫర్జ్ కూడా కాదు, తప్పక చెయ్యాలనేం లేదు. ఎవరికీ చెప్పకు, దానికీ ఏం చెప్పకు. తవాఫ్‌లో అమ్మ కుర్చీ ఎవరు తోస్తారు? నేను రద్దీలో దువాలు చదువుకోవాలా, కుర్చీ తోసుకోవాలా?"

పదమూడేళ్ళ కాపురంలో ఇలాంటి చోట నేను "సరే" అనేదాన్ని. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. నిజం చెప్పొద్దూ, ఆయన చెప్పినట్టు చేస్తే నాకూ సులువే. కుర్చీ దానికిచ్చేసి, పిల్లాణ్ణి నేనెత్తుకుని, ఎల్లుండి బస్సెక్కేయొచ్చు.

"పని చెయ్యడానికి పెద్దదీ, లెక్కలోకి తీసుకోవడానికి చిన్నపిల్లా?" అన్నాను.  "అరఫాత్ ముగియకముందే పెద్దదైంది. అలా అయితే ఇది లెక్కలోకొచ్చే దాని సొంత హజ్, మళ్ళీ చెయ్యక్కర్లేదు. మన గుంపులో మతం చెప్పే షేక్‌ని అడుగు."

"షేక్‌ని ఎందుకురా అడగడం?" గుడారం గుమ్మంలోంచి అత్తగారి గొంతు. ఎప్పట్నించి వింటున్నారో! "అది నిజమే. నాకు తెలుసు. కుర్చీ నువ్వు తొయ్యి. చిన్నప్పుడు బండిలో పెట్టి నిన్ను నేను తొయ్యలేదూ?"

"అమ్మా, నువ్వు ఊరుకో!"

"నేనూ షురూకూ హనా పిన్ని ఇంట్లో ఉంటాం" అన్నాను. మా పిన్ని మక్కాలోనే ఆసుపత్రి నర్సు. "అయ్యాక తను బస్సెక్కిస్తుంది."

"మరి జియాద్?"

"వాడికి నాన్న ఉన్నాడు."

 బస్సు వెళ్ళేరోజు జియాద్ కిటికీలోంచి నాకోసం గుక్కపెట్టి ఏడ్చాడు. తామిర్ వాణ్ణి ఎలా పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ మారుస్తున్నాడు. నా కాళ్ళు బస్సు వైపే లాగాయి. షురూక్ నా మొహంలోకి చూసి, "నేను వెళ్ళి వాణ్ణి ఎత్తుకోనా?" అంది. వద్దన్నాను. బస్సు కదిలింది.

అది శుభ్రపడ్డాక ఒక తెల్లవారుజామున కాబా ఉన్న హరమ్ మసీదుకి వెళ్ళాం. రద్దీ పలచబడింది. తవాఫ్ మొదలుపెట్టిన కాసేపటికి గమనించాను. షురూక్ చేతులు రెండూ ముందుకు పెట్టుకుని నడుస్తోంది, లేని కుర్చీని తోస్తున్నట్టు. దానికే తెలిసి, సిగ్గుపడి, కిందికి దించుకుంది.

నేనిక ఆగలేకపోయాను.

"షురూక్, హజ్‌కు వచ్చేముందు అందరినీ క్షమించమని అడిగి రావాలి. ఇరుగుపొరుగును అడిగాను. ఫోన్లు చేసి చుట్టాలనీ అడిగాను. ఒకప్పుడు నాతో పోట్లాడిన కూరలవాణ్ణి కూడా అడిగాను. నిన్ను అడగలేదు. నీకోసమని చెప్పి నాకోసం తీసుకొచ్చాను. నన్ను క్షమించు."

"పర్లేదమ్మా" అంటుందనుకున్నాను. మా ఇంట్లో దాని మాట అదే. అది కాబా వైపు చూస్తూ ఇంకొంచెం దూరం నడిచింది.

"ఆలోచించి చెప్తాను" అంది.

"సరే" అన్నాను. మనస్ఫూర్తిగా అన్న మొదటి సరే అది.