దారం తెంచిన చోట

సాయంత్రమయ్యేసరికి ఆ వీధిలో కుట్టుమిషను చప్పుడు, దాని వెంట ఒక పాఠం వినిపించేవి. ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టే ఆమె, పక్కన స్టూలు మీద పాఠ్యపుస్తకం తెరిచి పెట్టుకుని, మిషను తొక్కుతూ గట్టిగా చదివేది. ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను అక్షరాల మీద. ఎదురుగా బట్టలమూట మీద కూర్చుని పెద్దకూతురు చిట్టి, తల్లి చదివింది చదివినట్టే తిరిగి చెప్పేది. దారం తెంచడానికి తల్లి ఆగితే కూతురూ ఆగేది. చూసినవాళ్ళు ముచ్చటపడి, "పిల్లను చదివించడమంటే అలా ఉండాలి" అని తమ ఇళ్ళలో వాళ్ళను దెప్పేవారు.

ఆ ముచ్చట చాటునే ఒక పసిదాని చదువు గాడి తప్పుతోందని వాళ్ళకు తెలియదు. పాపం, తల్లికి అసలే తెలియదు.

చిట్టి ఐదో తరగతి. పాఠం అప్పజెప్పమంటే పొల్లు పోకుండా చెప్పేది. కింది తరగతుల్లో పరీక్షలన్నీ నోటితోనే కాబట్టి గట్టెక్కుతూ వచ్చింది. రాయమంటే మాత్రం బోర్డు మీది ఒక్కో గీతనూ చూసి బొమ్మ గీసినట్టు దించుకునేది. వాక్యం సగంలో ఉండగానే బోర్డు తుడిచేసేవారు. ఇక చేసేదేముంది? కిటికీలోంచి బయటికి చూసేది, పక్కపిల్ల పెన్సిలు లాక్కునేది, మందలిస్తే బెంచీ కింద దూరేది. "తెలివికేం కొదవ లేదు, ఒళ్ళే వంగదు" అని టీచర్లు ఏటికేడాది తేల్చేశారు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. గదినిండా పిల్లలు, చేతిలో ఒక సుద్దముక్క. ఒక పిల్ల ఎందుకు రాయడం లేదో ఆరా తియ్యడం కంటే బద్ధకమని అనేయడం సులువు. మనందరం ఎన్నుకునే సులువే అది.

ఆ ఏడు ఒక టీచరు సెలవు పెడితే, ఆమె స్థానంలో కొన్నాళ్ళ కోసం కొత్త టీచరు వచ్చింది. ఒకరోజు చిట్టిని లేపి పాఠం చదవమంది. చిట్టి పుస్తకం పట్టుకుని హుషారుగా మొదలుపెట్టింది.

"వాన వెలిసింది. నక్క గుహలోంచి తొంగి..." అని ఆగింది. "చూసింది. దానికి బాగా ఆకలి..." అని మళ్ళీ ఆగింది. "వేస్తోంది."

ఆ ఆగడమేమిటో టీచరుకు అంతుపట్టలేదు. దగ్గరికి వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టింది. చిట్టి అలా చదువుతూనే ఉంది. తరగతి గొల్లున నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక చిట్టి కూడా వాళ్ళతోపాటు నవ్వింది.

సాయంత్రం టీచరు, చేతిసంచికి జిప్పు వేయించే వంకతో ఆ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి కాసేపు మిషను చప్పుడు, దాని మధ్య పాఠం వింది. తల్లి దారం తెంచింది, పాఠం ఆగింది. టీచరుకు విషయం అర్థమైపోయింది.

"మీ అమ్మాయి పుస్తకం చూసి చదవడం లేదమ్మా. మీ గొంతు విని చెబుతోంది. మీరు దారం తెంచిన చోటల్లా తనూ ఆగుతోంది."

తల్లికి చిర్రెత్తుకొచ్చింది. "అదేం మాట టీచరుగారూ! రోజూ నా కళ్ళెదుటే చదువుతుంటేనూ!"

"అయితే మీరింకా చదవని పేజీ ఒకటి ఇవ్వండి."

తల్లి విసురుగా పేజీలు తిప్పి పుస్తకం కూతురి ఒళ్ళో పెట్టింది. "చదవవే చిట్టీ, టీచరుగారికి వినిపించు."

చిట్టి పేజీ వంక చూసింది. తల్లి వంక చూసింది. మిషను వంక చూసింది.

"నువ్వు ముందు చదువమ్మా" అంది.

తల్లి చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ, "పుస్తకం ఇస్తే దిక్కులు చూసేదమ్మా. నేను చదివితే మాత్రం ఒక్కసారికే పట్టేసేది. పోన్లే, ఎలాగోలా బుర్రకెక్కుతోంది కదా అనుకున్నా" అంది.

"మీరు చేసింది సాయమేనమ్మా. కానీ ఆ సాయం చాటున అసలు ఇబ్బంది మనకెవరికీ కనబడలేదు. కొందరు పిల్లలకు అక్షరం చూడగానే పట్టుబడదు. ఒక్కచోట మనసు నిలవదు. అది బద్ధకమూ కాదు, పొగరూ కాదు. వాళ్ళకు ఇంకో పద్ధతిలో నేర్పాలి. ఒకటో తరగతిలోనే చూసుంటే ఇంత కష్టం ఉండేది కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ నేర్పచ్చు. టైము పడుతుంది."

ఆ ఇంట్లో గుడ్డపీలికలకు కరువా? టీచరు చెప్పినట్టు తల్లి గరుకు బట్టలోంచి పెద్దపెద్ద అక్షరాలు కత్తిరించి అట్టముక్కల మీద కుట్టింది. చిట్టి వాటి మీద వేలు తిప్పుతూ, ఆ అక్షరాన్ని పైకి పలికేది. బడిలో టీచరు ఆమెను కిటికీ దగ్గర నుంచి మొదటి బెంచీకి మార్చింది. పెద్ద లెక్కను చిన్నచిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే ఇచ్చేది. మెల్లగా, చాలా మెల్లగా, అక్షరాలు చిట్టికి లొంగడం మొదలుపెట్టాయి. ఒకరోజు బజారులో మందులషాపు బోర్డు దగ్గర ఆగిపోయి, కూడబలుక్కుని, "మందులు" అని చదివింది. తల్లి నడిరోడ్డు మీద దాన్ని వాటేసుకుంది.

కానీ పరీక్షలు ఎవరి కోసం ఆగుతాయి? ఐదో తరగతి పరీక్ష రాతపరీక్ష. టీచరు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

"ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపించాలి సార్. జవాబులు నోటితో చెప్పనివ్వండి. పిల్లకు పాఠాలన్నీ వచ్చు."

హెడ్మాస్టరు ససేమిరా అన్నాడు. "ఒక్కరికి వినిపిస్తే రేపు అందరూ వచ్చి నా నెత్తిన కూర్చుంటారు. అందరికీ ఒకటే రూలమ్మా."

"అందరి కష్టమూ ఒకటే కాదు కద సార్."

"మీరు వెళ్ళిపోతారు. ఈ బడికి రిజల్టు తేవాల్సింది నేను."

పరీక్షలో చిట్టి తన పేరు రాసింది. మొదటి ప్రశ్నలో రెండు మాటలు కూడబలుక్కునేసరికి గంట కొట్టేశారు. ఆ ప్రశ్న నక్క పాఠంలోదే. ఆ పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

చిట్టి తప్పిందని తేలాక హెడ్మాస్టరు తండ్రిని పిలిపించాడు. బస్సు నడిపే ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు. ఇంటికొచ్చి భార్యతో, "మన వంశంలో చదువు ఎవరికి అబ్బింది గనుక! పోనీలేవే, మిషను దగ్గర నీకో తోడు దొరికింది" అని నవ్వబోయాడు. ఆ నవ్వు ఆయనకే రుచించలేదు. తల్లి నెత్తీ నోరూ కొట్టుకుని మొత్తుకున్నా, చిట్టి ఇక బడికి వెళ్ళనని మొండికేసింది. తనకంటే చిన్నపిల్లల మధ్య మళ్ళీ నవ్వులపాలు కావడం ఆ పిల్లకు చేతకాలేదు. సెలవు పెట్టిన టీచరు తిరిగి వచ్చింది. కొత్త టీచరు వెళ్ళిపోతూ, జిప్పు వేసిన సంచి తీసుకోవడానికి వచ్చి, చాలాసేపు చిట్టి తల నిమిరింది.

ఇప్పుడు చిట్టి మిషను పక్కన కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతుంది. అక్షరాల అట్టముక్కలు గూట్లో దుమ్ముపట్టి ఉన్నాయి. ఆ మధ్య చెల్లెల్ని ఒకటో తరగతిలో వేశారు. ఒక సాయంత్రం అది పుస్తకం తెచ్చి స్టూలు మీద పెట్టి, బట్టలమూట ఎక్కి కూర్చుంది.

"నువ్వు ముందు చదువమ్మా" అంది.

అది ఒకటో తరగతిలో చిట్టికి తల్లి చదివి వినిపించిన పుస్తకమే. తల్లి నోరు విప్పేలోపే, గుండీ మీంచి తల ఎత్తకుండా, చిట్టి మొదటి పాఠం అందుకుంది. ఎప్పుడో తల్లి దారం తెంచిన చోటల్లా ఆగుతూ, చివరిదాకా చెప్పేసింది.

తల్లి మిషను మీంచి కాలు తీసేసింది. చిన్నదాన్ని దగ్గరకు లాక్కుని, దాని వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద ఆనించింది.

"నేనూ చదవను, అక్కా చదవకూడదు. నువ్వే చదువు తల్లీ. రాకపోతే రాలేదని చెప్పు, నిన్నేమీ అనను."

ఆ మాట చిట్టికి ఎవరూ చెప్పలేదు. రాలేదని చెప్పనివ్వని ఇల్లు, చెప్పినా విని దారి చూపని బడి, రెండూ కలిసి పిల్లను ఓడించి, ఆ ఓటమిని పిల్ల పేరున రాస్తాయి.