గంట పక్కన పేరు

"మీరేమిట్లండీ?" అని అడిగి, కులం తెలుసుకున్న మనిషి, ఆ తెలివిడితో ఆ తరువాత ఏం చేస్తాడు? పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఆ ప్రశ్న వింటున్నాను. పెళ్ళి పందిళ్ళలో విన్నాను, రైలు పెట్టెల్లో విన్నాను, ఇప్పుడు లిఫ్టుల్లో వింటున్నాను. అడిగినవాళ్ళెవరూ నా ప్రశ్నకు ఇంతవరకు జవాబివ్వలేదు.

కిందటి ఆదివారం మధ్యాహ్నం, కోకాపేటలో మా తమ్ముడు పార్థసారథి ఇంటి టీవీ తెర మీదికి ఆ ప్రశ్న సముద్రాలు దాటి వచ్చింది.

తమ్ముడి కూతురు సంయుక్త, ఆమె భర్త బాలు హైటెక్ సిటీలో ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు. కంపెనీ ఇద్దరినీ మూడేళ్ళపాటు మాల్టాకు పంపుతోంది. ఇటలీకి దిగువన, సముద్రంలో ఉన్న చిన్న దేశం అది. అక్కడి పట్నంలో అద్దెలు భరించలేమని పిల్లలు రెండు పాత పల్లెల్లో ఇళ్ళు వెతికి పెట్టుకున్నారు. ఒకటి సిజ్జీవి, రెండవది దాని పొరుగున ఉన్న జెబ్బూజ్. రెండు ఊళ్ళలోనూ తేనెరంగు రాతి ఇళ్ళు, వీధి మీదికి వచ్చిన చెక్క బాల్కనీలు, నడిబొడ్డున పెద్ద చర్చి. అక్కడ కాపురం ఉండవలసింది వాళ్ళిద్దరు. సోఫా మధ్యలో కూర్చున్నది మాత్రం మా తమ్ముడు.

"ఇంత చదివి చివరికి పల్లెటూరికా?" అన్నాడు.

"కోకాపేట గూడ పల్లెనే ఉండె మామయ్యా," అన్నాడు బాలు, టీవీకి తీగ తగిలిస్తూ. "మా నాయిన బాలానగర్ల లేత్ పని ఒడిసినంక సైకిల్ మీద ఇటు సీతాఫలాలకు వచ్చేటోడు. ఇప్పుడు మీ పార్కింగ్ ఉన్నకాడనే చెట్లుండె అంటడు."

సంయుక్త నవ్వింది. తమ్ముడు నవ్వలేదు.

మొదట సిజ్జీవి ఇంటి యజమానురాలు కార్మెన్ కనిపించింది. అప్పుడే చర్చి నుంచి వచ్చానని చెప్పింది. ఫోను పట్టుకొని గదులన్నీ చూపింది. లోపలి ముంగిట్లో నిమ్మచెట్టు చూపింది. తమ్ముడు వాకిలి ఏ దిక్కో కనుక్కోమన్నాడు. ఆమె పాపం ఫోనులో దిక్సూచి తెరిచి మరీ చెప్పింది: దక్షిణం. తమ్ముడు నిట్టూర్చాడు. అంతటితో ఆగలేదు. సంయుక్త చేయి పట్టి ఆపుతున్నా ముందుకు వంగి, చుట్టుపక్కల ఎలాంటివాళ్ళుంటారు, మీవాళ్ళు ఎవరు అని తన ఇంగ్లీషులో తనే అడిగాడు.

"మావాళ్ళంతా శ్మశానంలో ఉన్నారు," అన్నదామె నిదానంగా. "పక్కింటివాళ్ళు బతికే ఉన్నారు. మంచివాళ్ళు."

ఆమె అడిగినవి రెండే. ఊరి పండుగ రోజుల్లో చర్చి గంటలు, బాణసంచా చెవులు చిల్లులు పడేలా మోగుతాయి, ఓర్చుకోగలరా? తలుపు దగ్గర గంట పక్కన, పోస్టుమాన్ కోసం ఏ పేరు రాయించమంటారు?

బాలు నోరు తెరిచేలోగా తమ్ముడు పేరు చెప్పేశాడు. తన ఇంటిపేరు. ఆమె రాసుకుంది. బాలు టీవీ వెనక తీగ సర్దుతూ ఉండిపోయాడు.

తరువాత జెబ్బూజ్. అక్కడ మధుసూదన్ అనే మనవాడు ఒక పెద్ద ఇల్లు తీసుకొని, పై గదులు తెలుగు కుటుంబాలకు మాత్రం ఇస్తున్నాడు. తెర మీద అతని ముఖం కనబడగానే తమ్ముడి ముఖం వికసించింది.

"ఏ ఊరండీ మీది?" అని అడిగాడు మధుసూదన్.

"అమలాపురం పక్కనండీ."

"అబ్బో, మా పిన్నిగారిని అటే ఇచ్చారండీ. ఇంటిపేరేమన్నారు?"

తమ్ముడు చెప్పాడు.

"అంటే... మీరేమిట్లండీ?"

తమ్ముడు అదీ చెప్పాడు. అవతల పెద్ద నవ్వు. "నేననుకుంటూనే ఉన్నానండీ. మాటలోనే తెలిసిపోతుంది. మరి అల్లుడుగారు?"

తెర మీద ఎండ పడుతోందని బాలు అప్పుడే లేచి కర్టెన్ లాగుతున్నాడు. కెమెరాకు అందని చోట ఉన్నాడు. అతని చేయి తాడు మీదే ఆగింది.

"మనవాళ్ళేనండీ," అన్నాడు మా తమ్ముడు.

"అదీ! ఇక్కడ నాలుగు సంసారాలకూ ఒకే వంటిల్లు కదండీ. బయటివాళ్ళు చేరితే ఆడవాళ్ళు ఇబ్బంది పడతారు. మీరింక నిశ్చింతగా ఉండండి."

నేను మాట్లాడవలసిన క్షణం అది. మాట్లాడలేదు. నా మనసులో మొదట మెదిలిన ఆలోచన ఏమిటో ఉన్నదున్నట్టు చెబుతాను: ఆ పిన్నిగారి తాలూకు ఎవరైనా మనల్ని ఎరిగి ఉంటే, ఈ అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుంది? అల్లుడు విన్నాడన్న స్పృహ నాకు రెండవదిగా కలిగింది. ఆ వరుస తలచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియదు.

కాల్ ముగిసింది. "కుదిరిపోయింది," అన్నాడు తమ్ముడు, చేతులు రుద్దుకుంటూ. "తూర్పు వాకిలి. మనవాళ్ళు. వేళకు పప్పన్నం. ఆ దేశంలో ఇంతకంటే ఏం కావాలి?"

బాలు కర్టెన్ తాడును కొక్కేనికి శ్రద్ధగా చుట్టి, వచ్చి కింద కూర్చున్నాడు.

"మేముండే గోపన్‌పల్లి ఫ్లాటు కిరాయికి అడిగినప్పుడు గూడ మీరే మాట్లాడిన్రు, మామయ్యా. ఓనర్‌కు మీ ఇంటిపేరే చెప్పిన్రు. మేం ఊకున్నం. వాచ్‌మన్ నన్ను గా పేరుతోనే పిలుస్తడు. నేను పలుకుత గూడ. మా నాయిన వచ్చిననాడు గేటు కాడ ఎవలింటికని అడిగిన్రు. నా పేరు చెప్పిండు. గసుంటోళ్ళు ఈడ లేరని పంపిచ్చిన్రు. నేను ఫోన్ జేసి మీ పేరు చెప్తె లోపటికి ఇడిసిన్రు. ఇగ జెబ్బూజ్‌ల నన్నేమని పిలిపిస్తరు?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మాకు కొంత సులువుగా ఉండేది.

"అబద్ధమని ఎందుకనుకుంటావు బాబూ?" అన్నాడు తమ్ముడు. "ఒక సర్దుబాటు. మీ సుఖం కోసమే కదా."

"ఎవరి సుఖం, పార్థూ?" అన్నాను. ఆలస్యంగా అన్నాను. "అతను గదిలో ఉండగానే అతన్ని లేకుండా చేశావు. నేను చూస్తూ కూర్చున్నాను."

"అక్కయ్యా, నువ్వు కూడానా?"

"నేను కూడా."

సంయుక్త అప్పటికే ఫోను తీసింది. సిజ్జీవి ఇల్లు మేము తీసుకుంటామని కార్మెన్‌కు రాసి, ఫోను భర్త చేతిలో పెట్టింది. "గంట పక్కన పేరు మార్చమని నువ్వే రాయి."

బాలు ఒక్కొక్క అక్షరమే నొక్కాడు. కాసేపటికి జవాబు వచ్చింది. పేరు పొడవుగా ఉందనీ, పోస్టుమాన్ అడిగితే తప్పు పలకడం తనకిష్టం లేదనీ, ఎలా పలకాలో చెప్పమంది. బాలు ఫోను నోటి దగ్గర పెట్టుకొని తన ఇంటిపేరు పలికాడు. ఆమె పలికి పంపింది, తప్పు. అతను విడదీసి మళ్ళీ పలికాడు. సంయుక్త పెళ్ళయ్యాక మా తమ్ముడి ఇంట్లో ఆ పేరు పైకి వినబడడం అదే మొదటిసారి.

"దక్షిణం వాకిలి," అన్నాడు తమ్ముడు, ఎవరికీ కాకుండా. తరువాత, "మధుసూదన్‌గారికి నేనేం చెప్పను?"

"మీ అల్లుడేమిట్లో అడిగారుగా నాన్నా. నిజం చెప్పండి," అన్నది సంయుక్త. "వాళ్ళే వద్దంటారు."

తమ్ముడు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ తిరగేసి బల్ల మీద పెట్టాడు.

ఆ రెండు ఇంటిపేర్లూ నేనిక్కడ రాయలేదు, కులాలూ రాయలేదు. అయినా మధ్యలో ఎక్కడో మీరు ఊహించే ఉంటారు. అమలాపురం అన్నప్పుడు ఒక ఊహ, బాలానగర్ లేత్ అన్నప్పుడు ఇంకొకటి. ఆ ఊహ మీకెందుకు అవసరమైందో, ఈ పుట తిప్పకముందే మీకు మీరు జవాబు చెప్పుకోండి.