తొడగని కోటు

చలికాలం, శనాదివారాలు గడుపుదామని దర్జీ తన స్నేహితుడుండే నగరానికి వచ్చాడు. దర్జీ కుట్టి పంపిన ఉన్నికోటు తొడుక్కోకుండా, స్నేహితుడు రెండు స్వెట్టర్లలో వణుకుతూ వీధులన్నీ తిప్పాడు. తన కుట్టు నచ్చక ఎవరికో ఇచ్చేశాడేమోనని దర్జీ మనసు ఒకటే పీకింది.

"కోటేదిరా? అమ్ముకు తిన్నావా?"

"లాండ్రీలో ఉంది. పోలీసులా ఆరా తీస్తావేంట్రా బాబూ!"

శనివారం అడిగితే మాత్రం తమ్ముడు పట్టుకెళ్లాడన్నాడు.

ఆదివారం రైలెక్కేముందు దర్జీ ముభావంగానే అతన్ని కౌగిలించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా కొలతలు తీసిన చేతులకి స్వెట్టర్ల కింద మనిషి సగమే దొరికాడు. కోటేమో పాత కొలతలకి కుట్టింది.

"డాక్టరేమన్నాడు?" అన్నాడు దర్జీ, చేతులు వదలకుండా.

"రైలు కదుల్తోంది, ఎక్కరా."

దర్జీ ఎక్కలేదు.