రాయి మీద ఏ మాట?

నేను ఒక చెవి మిషన్ని. శనగగింజంత ఉంటాను గాని, బాపట్లలో సలోమి టీచరుకు లోకమంతా నాలోంచే వెళ్లాలి. నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో ఎవరూ నాతో మాట్లాడలేదు. గుంటూరు కొట్లో నేను విన్న మొదటి మాట ఆవిడ భర్త ఇశ్రాయేలుగారిది. "వినపడతందా సలోమీ?" అని కొట్టు అదిరేలా అరిచారు. మనుషులంతే, చెవి కొనిపెట్టి మరీ అరుస్తారు.

ఇశ్రాయేలుగారు చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఇంట్లో కూడా ఒకటే వాయింపు, అది ఆగితే ఒకటే కబుర్లు. విసుగొస్తే టీచరు నా మీట నొక్కి ఆపేసేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా వాయిస్తూనే ఉండేవారట.

వేసవిలో ఆయన పోయారు. సమాధుల పండుగకు రాయి నిలబెట్టాలి. దాని మీద ‘ఈయన ఇక్కడ ఫలానాలో విశ్రమిస్తున్నారు’ అని ఇంగ్లీషులో చెక్కించాలి. ఆ ఫలానా ఏమిటన్నదే తగువు. ‘పీస్’ ఊళ్లో ప్రతి రాయి మీదా ఉంది. మరిది ప్రకాశం ‘సైలెన్స్’ అని పట్టుబట్టాడు.

"గంభీరంగా ఉంటది వదినా. అన్నయ్యకి తగ్గట్టుంటది."

"ఏదో ఒకటి తేల్చండమ్మా," అన్నాడు రాయి చెక్కే వీరాస్వామి. "ఉలి పడ్డాక చెరపటం నా వల్ల కాదు."

వాళ్లు వెళ్లాక టీచరు మంచం మీద కూర్చుని నన్ను ఆపింది. కాసేపటికి మళ్లీ మీట నొక్కింది. ఫ్యాను కిర్రుమంటోంది, వీధిలో ఎవరో బిందె దించారు. ఇంట్లో మాత్రం పలికే మనిషి లేడు.

"ఇందాకటిది సైలెన్స్. ఇది క్వైట్," అంది తనలో తాను. ఆ వెంటనే భోరుమంది.

మర్నాడు మరిదిని పిలిచింది. "సైలెన్సంటే తలుపేసుకోవటం ప్రకాశం. బతికున్నప్పుడు ఆయన మొహం మీద చాలాసార్లు వేశాను. రాతి మీద కూడా వెయ్యలేను. క్వైట్ అని చెక్కమను. అందులో ఎవరన్నా పలికితే వినపడుద్ది."

ప్రకాశం తల వంచుకుని సరేనన్నాడు.

పండుగనాడు ఆవిడ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, నా సౌండు పూర్తిగా పెంచి కూర్చుంది. కాకుల అరుపులు, పక్క సమాధి వాళ్ల ప్రార్థన, పిల్లల గోల, అన్నీ మోసుకొచ్చాను. ఆవిడకు కావలసింది మాత్రం తేలేకపోయాను.

ఇప్పుడు పడుకునేటప్పుడు కూడా నన్ను తీయడం లేదు. తీయమని డాక్టరు చెప్పినా వినదు. హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంది. అది మోగినన్నాళ్లూ నన్ను ఆపేసిన మనిషి, ఇప్పుడు నా బ్యాటరీ ఎక్కడ అయిపోతుందోనని భయపడుతోంది.